నాలుగూ ఇరవై ఒకటికి మారిన పేజీ

ఇరవై రెండు మెట్లు. డిటెక్టివ్ ఆ ఉదయం వాటిని మూడోసారి ఎక్కాడు. రెండోసారి దిగుతున్నప్పుడే మోకాళ్ళు ఇక మావల్ల కాదని చెప్పేశాయి గానీ, మోకాళ్ళ మాట వింటే సాగే వృత్తి కాదాయె. పైమెట్టు మీద కూలబడి, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. పోలీసు శాఖలో ఉన్న రోజుల్లో ఆయనకి ‘నిద్రమొహం’ అని పేరు పెట్టారు. ఉద్యోగం వదిలి పదేళ్ళయినా ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

మొన్న మంగళవారం సాయంత్రం ఈ మెట్ల కింద ఒకావిడ పడి ఉంది. తల వెనక దెబ్బ. ఊపిరి ఉంది గానీ ఉలుకూ పలుకూ లేదు. ఈ రెండో అంతస్తు ఆఫీసు ఆవిడదీ, ఆవిడ పార్ట్‌నర్‌దీ. వెబ్ పేజీలకి మెరుగులు దిద్దడం వాళ్ళ పని. జనం ఫోన్లో ఏదైనా వెతికినప్పుడు వేల పేజీల్లో ఏది పైకి రావాలి, ఏది అడుగున పడాలి అన్నది చాలావరకు ఆ పేజీలో రాసిన మాటల్ని బట్టి ఉంటుందట. ఆ మాటల్ని సరిచేయడానికి జనం వీళ్ళ దగ్గరికి వస్తారు. ఇలాంటి పనిలో కూడా మెట్ల మీంచి తోసేసుకునేంత పగలు ఉంటాయా అని డిటెక్టివ్ మొదట విస్తుపోయాడు. తర్వాత విస్తుపోవడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆవిడ భర్తని తీసుకెళ్ళి లాకప్‌లో వేశాడు. చేసినవాడు దొరికాడు కదా అని ఆసుపత్రి దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌ని కూడా వెనక్కి పిలిపించుకున్నాడు. డిటెక్టివ్‌కి గుబులంతా అక్కడే. మత్తుమందు ఆపేశామనీ, ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండింటికీ మధ్య ఆవిడ కళ్ళు తెరవచ్చనీ డాక్టర్లు అన్నారు.

డిటెక్టివ్‌కి కేసు అప్పగించింది ఆవిడ అన్నయ్య. పొద్దున్న ఫోన్లో ఆయన కూడా అదే అన్నాడు. “మా బావ ఈ పని చెయ్యలేదండీ. మరి చేసినవాడు బయటే తిరుగుతున్నాడన్నమాట. మా చెల్లెలు కళ్ళు తెరిచేసరికి వాడు దాని పక్కన ఉండకూడదు. నాకు ఇంకేం అక్కర్లేదు.” ఆ పెద్దమనిషికి పుట్టుకతోనే చూపు లేదు. లేకపోతే తనే వెళ్ళి ఆ తలుపు దగ్గర నిలబడేవాడు. నిన్న వెళ్తే, కళ్ళు తెరిచాక కబురు చేస్తాం, అప్పుడు రండి అని పంపేశారట.

డిటెక్టివ్ కళ్ళు తెరిచి వాచీ చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. ఇవి వెనక మెట్లు. కింద తలుపుకి లోపలి వైపు గడియ. పైన తలుపు ఆఫీసులోకి తెరుచుకుంటుంది. అంటే ఇక్కడికి ఎవరొచ్చినా ఆఫీసులోంచి రావాల్సిందే. పైనుంచి మూడో మెట్టు దగ్గర గోడ సున్నం మీద నాలుగు గోళ్ళ గీతలున్నాయి. కాలు జారినవాళ్ళు ముందుకి పడతారు. ఈవిడ వెనక్కి పడుతూ గోడని పట్టుకోబోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నవాళ్ళే తోశారు.

లేచి, నడుం పట్టుకుని, ఆఫీసులోకి నడిచాడు.

పార్ట్‌నర్ తన బల్ల ముందు నిలబడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, జుట్టు మాత్రం నిగనిగలాడుతోంది.

“మంగళవారం ఎన్నింటికి బయల్దేరారు?” అతను కూర్చోమనకుండానే డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నాలుగూ ఐదుకి. కింద వాచ్‌మన్‌ని అడగండి.”

“అడిగాను. వాచ్‌మన్ కూడా నాలుగూ ఐదే అన్నాడు. అక్కణ్ణుంచి?”

“నాలుగుంపావుకల్లా పక్క వీధిలో సెలూన్‌లో ఉన్నాను. ఐదుంపావు దాకా కుర్చీలోంచి లేవలేదు.”

“కటింగ్‌కి గంటా?”

“రంగు వేయించుకున్నానండీ.” అతను కొంచెం సిగ్గుపడ్డాడు. “రంగు ఆరాలి కదా.”

“మీరు వెళ్ళేసరికి ఆవిడ?”

“తన గదిలో పని చేసుకుంటోంది. వెళ్తున్నానంటే తల కూడా ఎత్తలేదు. నాలుగూ ఇరవై ఒకటికి పేజీ సేవ్ చేసింది కూడా. కంప్యూటర్లో ఆవిడ పేరుతో టైం పడింది, ఇన్‌స్పెక్టరుగారికి చూపించాను. నాలుగున్నరకి మొగుడు వచ్చాడు. నాలుగూ నలభై ఎనిమిదికి ఫోన్ చేస్తే వెనక తలుపు అవతల మోగిందనీ, తెరిచి చూస్తే కింద పడి ఉందనీ అతనే చెబుతున్నాడు. ఆ పద్దెనిమిది నిమిషాలు ఏం చేశాడు మరి?”

“ఎదురుచూశానంటున్నాడు. మొగుళ్ళు అప్పుడప్పుడు ఎదురుచూస్తారు లెండి. ఆ పేజీ ఏదో ఒకసారి చూపించండి.”

పార్ట్‌నర్ పక్కగదిలో ఆవిడ కంప్యూటర్ తెరిచాడు. పాస్‌వర్డ్ కొట్టడానికి అతనికి క్షణం పట్టలేదు. ఒకళ్ళ పాస్‌వర్డ్ ఇంకొకళ్ళకి తెలుసనీ, ఇద్దరే ఉన్న ఆఫీసులో దాపరికాలేముంటాయనీ తనే చెప్పాడు.

తెర మీద మోకాళ్ళ ఆసుపత్రి పేజీ ప్రత్యక్షమైంది. డిటెక్టివ్‌కి అది కొత్త కాదు. రెండు నెలల కిందట మోకాళ్ళు బాధ పెడుతుంటే ఫోన్లో వెతికాడు, మొట్టమొదట ఇదే వచ్చింది. వెళ్దామనుకుని బద్ధకించాడు.

“మోకాలి నొప్పి అని కొడితే చాలు, ఇదే మొదటిది,” అన్నాడు పార్ట్‌నర్. ఆ గొంతులో గర్వం దాగలేదు. “పద్నాలుగు నెలలు పట్టింది ఇక్కడికి తేవడానికి. పైన కనబడే టైటిల్ ఇరవైసార్లు మార్చాం. హెడ్డింగులు, పేరాలు, ఏ మాట ఎక్కడుండాలో అన్నీ కొలిచి రాసినవే. ఈ ఆఫీసు నిలబడిందే ఈ ఒక్క పేజీ మీదండీ.”

“ఆ బొమ్మల వెనక ఏదో రాసి ఉందే?”

“అది బొమ్మ వివరం. సెర్చ్ యంత్రానికి కళ్ళుండవు కదా. బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పాలి. మార్చేటప్పుడు మాకు కనబడుతుంది, పేజీ చూసేవాళ్ళకి కనబడదు.”

డిటెక్టివ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పేజీలో మూడు బొమ్మలున్నాయి. మొదటిదాని వెనక ఇలా ఉంది: ‘ఆసుపత్రి ముందు ద్వారం. ఐదు మెట్లు, రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీలు. ఎడమవైపు చక్రాల కుర్చీకి వాలుదారి.’ రెండోది: ‘ఎదురుచూసే గది. గోడ పొడుగునా చేతులున్న కుర్చీలు. డాక్టరు గది తలుపు కుడిపక్క చివర.’ మూడోది తెల్లకోటులో నవ్వుతున్న డాక్టరు ఫొటో. దాని వెనక రాసింది మాత్రం మరో రకంగా ఉంది: ‘మోకాలి నొప్పి చికిత్స మోకాలి నొప్పి డాక్టర్ మోకాలి నొప్పి ఆపరేషన్ మంచి మోకాలి ఆసుపత్రి మోకాలి నొప్పి.’

“ఇవన్నీ ఎవరు రాశారు?”

“ఆవిడే. బొమ్మల దగ్గరికి నన్ను రానిచ్చేదే కాదు.”

డిటెక్టివ్ ఆ మూడూ తన చీటీలో ఎక్కించుకున్నాడు. బల్ల మీద నల్ల అట్ట పుస్తకం ఒకటి కనబడితే తెరిచాడు. ప్రతి వరుసలో తేదీ, టైము, ఏ పేజీలో ఏం మార్చిందీ, ఎందుకు మార్చిందీ చేత్తో రాసి ఉంది. తొమ్మిదేళ్ళ మార్పులు. ‘కామా తీసేశాను’ అని కూడా రాసుకున్న మనిషి.

“ఇదేమిటి?”

“అదా, ఆవిడ పిచ్చి. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది వెంటనే రాసుకోవాలి, లేకపోతే దేనివల్ల పేజీ పైకొచ్చిందో, దేనివల్ల కిందపడిందో తెలియదంటుంది. అంత ఓపిక నాకు లేదు. నేనెప్పుడూ దాన్ని తెరిచి చూడలేదు.”

ఆఖరి వరుస మంగళవారానిదే. ‘3:50. మోకాళ్ళ పేజీ. రెండు మార్పులు. కారణం అన్నయ్యకి చెప్పాను.’ ఆ కింద కాగితం ఖాళీ.

డిటెక్టివ్ మరోసారి చూశాడు. మూడూ యాభైకి రాసుకుంది. నాలుగూ ఇరవై ఒకటికి రాసుకోలేదు. తల ఎత్తేసరికి పార్ట్‌నర్ కూడా ఆయన భుజం మీంచి అదే వరుస చదువుతున్నాడు.

“ఆవిడ ఎప్పుడు లేస్తుందన్నారు డాక్టర్లు?” మామూలుగానే అడిగాడు అతను.

“ఒంటిగంటకో, రెండింటికో,” అన్నాడు డిటెక్టివ్. రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేని మనిషి. మాట నోరు దాటేశాక గానీ చెప్పకుండా ఉండాల్సిందని తట్టలేదు.

అప్పుడే బూట్ల చప్పుడుతో ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. ఒకప్పుడు డిటెక్టివ్ చేతికింద పనిచేసినవాడే. ఇప్పుడు ఎక్కడ కనబడినా ‘గురువుగారూ’ అని పిలుస్తాడు, ఆ పిలుపులో గౌరవం తప్ప అన్నీ ఉంటాయి.

“ఏం గురువుగారూ, నిద్ర లేచారా? కేసు అయిపోయి రెండు రోజులైంది.”

“లేచాను. మళ్ళీ పడుకుందామనే ఉంది. నువ్వు ఆసుపత్రికి కానిస్టేబుల్‌ని పంపిస్తే హాయిగా పడుకుంటాను.”

“దేనికి? చేసినవాడు లోపల ఉన్నాడు. వాడొచ్చి ఏం చేస్తాడు, గోడలు దూకుతాడా?”

“వాడు కాకపోతే?”

“లెక్క నేను చెప్పనా?” ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడిచాడు. “నాలుగూ ఐదుకి ఈయన వెళ్ళారు, వాచ్‌మన్ చూశాడు. నాలుగూ ఇరవై ఒకటికి ఆవిడ పేజీ మార్చింది, అంటే బతికి బాగానే ఉంది. నాలుగున్నరకి మొగుడొచ్చాడు. ఇంకెవరూ రాలేదు. ఇందులో మీకు అర్థం కానిదేముంది?”

“ఆవిడ పేరుతో పడిందన్నావు గానీ, ఎక్కణ్ణుంచి చేశారో తెలిసిందా?”

“అడిగాం. కంపెనీవాళ్ళు ఆ వివరం పంపడానికి వారం పడుతుందట. ఆవిడ పేజీ, ఆవిడ పేరు. పొరుగింటివాళ్ళొచ్చి మారుస్తారా?”

డిటెక్టివ్ పుస్తకం ముందుకి తోశాడు. “కామా తీసినా రాసుకునే మనిషి. నాలుగూ ఇరవై ఒకటి ఇందులో లేదు.”

ఇన్‌స్పెక్టరు అలా చూసి ఇలా మూసేశాడు. “మరిచిపోయి ఉంటుంది. మొగుడొచ్చే టైమైంది, హడావిడి. ఇలాంటి పుస్తకం పట్టుకుని కోర్టుకెళ్తే నవ్వుతారు గురువుగారూ. మీరు ఉద్యోగం మానేసింది కూడా ఇలాంటి అనుమానాలతోనే కదా.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వాదించడానికి డిటెక్టివ్‌కి ఓపిక లేదు. “ఒక్క కానిస్టేబుల్‌ని. సాయంత్రం దాకా. బతిమాలుతున్నాననే అనుకో,” అన్నాడు.

“కుదరదండీ. ఉన్నవాళ్ళే చాలడం లేదు.” ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకుని గుమ్మం వైపు నడిచాడు. అతని వెనకే పార్ట్‌నర్ కూడా చొక్కా సర్దుకుంటూ బయల్దేరాడు. తనకి బయట పనుందనీ, తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళమనీ డిటెక్టివ్‌తో చెప్పాడు. పన్నెండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.

‘కారణం అన్నయ్యకి చెప్పాను.’ ఆ వరుసని పట్టుకుని డిటెక్టివ్ అన్నయ్య ఇంటికి చేరేసరికి పన్నెండూ ముప్పై ఐదైంది.

ఆ ఇంట్లో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్క మనిషి తప్ప. రికార్డింగులు విని టైపు చేసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. రెండు రోజులుగా ఆ బల్ల దగ్గరికే వెళ్ళలేదట. గడ్డం మాసిపోయింది. కూర్చోమని కుర్చీ చూపించాడు.

“నాకేం చెప్పలేదండీ,” అన్నాడు అన్నయ్య, డిటెక్టివ్ అడిగిందానికి. “మంగళవారం మేం ఫోన్లో కూడా మాట్లాడుకోలేదు.”

“సరే. ముందు ఇది వినండి.” డిటెక్టివ్ చీటీ తీసి మొదటి రెండు బొమ్మల వివరాలు చదివాడు.

అన్నయ్య మొహం మెత్తబడింది. “అవును. మా చెల్లెలు రాసినవే. ముందు నాకే వినిపించింది. నేను పేజీలు చెవులతో చదువుతాను కదా, నాకు పైకి చదివి పెట్టే యంత్రం బొమ్మ దగ్గరికి రాగానే వెనక ఉన్న మాటలు చదివి వినిపిస్తుంది. మెట్లెన్ని, తలుపు ఎటువైపు, ఇవి రాయమని నేనే చెప్పాను. ఆ ఆసుపత్రికి చూపు లేనివాళ్ళు కూడా వెళ్తారు కదండీ. నేను విని సరే అంటే గానీ ఏ పేజీ బయటికి పంపదు.”

డిటెక్టివ్ మూడోది చదివాడు. రెండో ‘మోకాలి నొప్పి’ దగ్గరే అన్నయ్య చెయ్యెత్తి ఆపేశాడు.

“ఇది మా చెల్లెలు రాయలేదు.”

“ఆవిడే రాసిందని పార్ట్‌నర్ చెప్పాడు.”

“అతను రాసిందే ఇది. ఆఫీసు పెట్టిన కొత్తలో ఇలాగే రాసేవాడు. జనం వెతికే మాటని పదిసార్లు కూరితే పేజీ పైకొస్తుందని అతని నమ్మకం. ఒక పేజీ వింటుంటే ఒకే మాట చెవిలో జోరీగలా మోగుతుంటే నాకు ఒళ్ళు మండి పెద్ద గొడవ చేశాను. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్ళుగా బొమ్మల జోలికి అతన్ని రానివ్వలేదు. బొమ్మ వివరం రాయమంటే అతని చెయ్యి దానంతటదే అలా పోతుందండీ, ఏం చెయ్యలేం.”

డిటెక్టివ్ వెన్ను నిటారైంది. “ఆవిడ మీకు పేజీలు ఎలా వినిపిస్తుంది?”

“నా యంత్రానికి పంపిస్తుంది. నేను...” అన్నయ్య ఆగిపోయాడు. లేచి, తడుముకోకుండా ఏడడుగుల్లో బల్ల దగ్గరికి వెళ్ళి మీట నొక్కాడు. యంత్రం అతివేగంగా గలగలమని ఏదో అంది. డిటెక్టివ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నయ్యకి అర్థమైంది. ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

“మంగళవారం మూడూ యాభై రెండుకి ఒకటి పంపిందండీ. నేను వినలేదు. పని మీద ఉన్నాను. తర్వాత వింటాలే అనుకున్నాను.” ఆయన కంటివెంట నీళ్ళు బొటబొటా కారాయి. “తర్వాత వింటాలే అనుకున్నానండీ.”

“ఇప్పుడు వినిపించండి. మెల్లగా,” అన్నాడు డిటెక్టివ్.

యంత్రం వేగం తగ్గింది. ఏ భావమూ లేని గొంతుతో ఒక్కో మాటా చదివింది:

‘అన్నయ్యా, ఈ పేజీ నువ్వు వినడం ఇదే ఆఖరు. వెతికేవాళ్ళకి చూపించవద్దని సెర్చ్‌కి చెప్పే వరుస ఒకటి చేర్చాను. రెండోది, డాక్టరు బొమ్మ మాటలు మార్చాను. ఆ డాక్టరు ఏడాది కిందటే ఆసుపత్రి వదిలి వెళ్ళిపోయాడట. ఆయన ఫొటో చూసి వెళ్ళిన ఒకావిడకి ఎవరో ఆపరేషన్ చేశారు, చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. నిన్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మీ పేజీ మొదట వచ్చింది కాబట్టి మంచి ఆసుపత్రి అనుకున్నానమ్మా అంది. నాకు తిండి సయించడం లేదు. ఈ సంగతి మా పార్ట్‌నర్‌కి ముందే తెలుసు. ఇప్పుడు వెళ్ళి పేజీ తీసేశానని చెబుతాను. గొడవ చేస్తాడు, చెయ్యనీ. నువ్వు సరే అంటావని తెలుసు. బొమ్మ వివరం: ఈ ఫొటోలో ఉన్న డాక్టరుగారు ఇప్పుడు ఈ ఆసుపత్రిలో లేరు. దయచేసి కనుక్కుని వెళ్ళండి.’

యంత్రం ఆగింది.

“దాచిన పేజీ సెర్చ్‌లోంచి ఎప్పుడు పోతుంది?” డిటెక్టివ్ అడిగాడు.

“సెర్చ్ యంత్రం పేజీలన్నీ తిరిగి చూసుకుంటూ ఉంటుందిట. ఇది చూడటానికి వచ్చిన మరుక్షణం తీసేస్తుంది. గంటకి రావచ్చు, వారానికి రావచ్చు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పోయాక మళ్ళీ అదే స్థానం వస్తుందన్న నమ్మకం లేదని మా చెల్లెలు అంటుంది.”

అదన్నమాట. నాలుగు గంటలకి వెనక మెట్ల మీద మాటా మాటా పెరిగింది, తోసేశాడు. నాలుగూ ఐదుకి ఏమీ ఎరగనట్టు ముందు గుమ్మంలోంచి దిగిపోయాడు. సెలూన్‌లో కుర్చీ ఎక్కాక గానీ పేజీ ఇంకా దాచే ఉందన్న సంగతి గుర్తురాలేదు. మనిషి మెట్ల కింద నెత్తుటి మడుగులో ఉంది. అయినా అతనికి ఆ మొదటి స్థానం పోతుందన్న భయమే ఎక్కువైంది. జుట్టుకి వేసిన రంగు ఆరేదాకా కూడా ఆగలేక, ఒంటి మీద కప్పిన గుడ్డ కింద ఫోన్ తెరిచి, ఆవిడ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళి, దాచమన్న వరుస తీసేశాడు. డాక్టరు బొమ్మ వెనక ఆ మాటలు కనబడితే చెరిపేసి, చేతికి అలవాటైన చెత్త రాశాడు. ఆవిడ పేరు మీద పడిన ఆ టైమే తనకి సాక్ష్యంగా పనికొస్తుందని బహుశా పోలీసులు టైములు అడిగేదాకా అతనికే తట్టి ఉండదు.

అలాంటివాడికి తను పొద్దున్న ఏం చెప్పాడు? ఒంటిగంటకో, రెండింటికో.

డిటెక్టివ్ చప్పున లేచాడు. వాచీలో ఒంటిగంటా ఏడు నిమిషాలు. ఫోన్ తీసి ఆసుపత్రికి కొట్టాడు. మోగుతూనే ఉంది. ఎనిమిదోసారికి ఎవరో నర్సు ఎత్తింది.

“మెట్ల మీంచి పడినావిడ, ఐసీయూలో ఉన్నావిడ, ఎలా ఉంది?”

“మంచి కబురేనండీ. పది నిమిషాలైంది కళ్ళు తెరిచి. ఇంకా మాట్లాడలేకపోతున్నారు గానీ మనుషుల్ని గుర్తుపడుతున్నారు.”

“ఆవిడ దగ్గరికి ఎవర్నీ పంపకండి. ఎవర్నీ. వినబడుతోందా అమ్మా?”

“అయ్యో, మేం రక్తసంబంధం ఉన్నవాళ్ళని తప్ప పంపమండీ. మీరు కంగారుపడకండి, ఆవిడ ఒంటరిగా లేరు.” నర్సు గొంతు ఎంతో ఆప్యాయంగా ఉంది. “ఆయన్ని చూడగానే పాపం ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగలేదు, చెయ్యి కూడా వణికిపోయింది. కాసేపు ఏకాంతంగా ఉండనిద్దామని తెర లాగేసి వచ్చాను. వాళ్ళ అన్నయ్యగారే పక్కన కూర్చున్నారు.”

చెవులే కళ్ళయిన మనిషికి ఫోన్లోంచి వచ్చిన ఆ మాటలు వినబడకుండా ఎలా ఉంటాయి? ఆయన డిటెక్టివ్ చెయ్యి వెతికి గట్టిగా పట్టుకున్నాడు.

“నేను ఇక్కడున్నాను కదండీ,” అన్నాడు అన్నయ్య.